చేర్పుల లోతు పెరిగే కొద్దీ ఒక్కో యంత్రంలో ఒక్కో చోట కూలిపోతున్న ఇంటర్‌ప్రెటర్

అడుగుబిందువు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. సీ భాషలో ఒక చిన్న స్క్రిప్టింగ్ భాషకు ఇంటర్‌ప్రెటర్ (ఆ భాషలో రాసినదాన్ని చదివి నడిపే ప్రోగ్రాం) రాసి, రెండేళ్లుగా దాని బాగోగులు చూసుకుంటున్నాను. ఆ భాషలో “చేర్చు” అనే ఆదేశం ఉంది. స్క్రిప్టు నడుస్తుండగా ఆ ఆదేశం ఎదురైతే, ఇంటర్‌ప్రెటర్ చెప్పిన ఫైలును తెరిచి, ప్రధాన స్క్రిప్టును చదివి నడిపే ఫంక్షన్‌నే మళ్లీ ఆ ఫైలు కోసం పిలుస్తుంది. ఆ ఫైలు పూర్తయ్యాక దాన్ని మూసి, పిలిచిన చోటికి తిరిగి వస్తుంది. ఇన్నాళ్లూ ఎవరూ నాలుగైదు మెట్ల లోతు దాటలేదు కనుక ఈ పద్ధతి గురించి నేను రెండోసారి ఆలోచించలేదు.

ఇటీవల ఒక వినియోగదారు, తమ సాధనం తయారుచేసే స్క్రిప్టులలో ప్రతి మార్పు ఫైలూ తన ముందరి మార్పు ఫైలును చేర్చుకుంటుందనీ, ఆ గొలుసు ఇప్పుడు 1,200 ఫైళ్లకు చేరిందనీ, ఇంటర్‌ప్రెటర్ మధ్యలో కూలిపోతోందనీ రాశారు. సమస్యను నా దగ్గర పునరావృతం చేయడానికి, ఒకే ఫోల్డరులో వరుసగా ఒకదాన్ని ఒకటి చేర్చుకునే ఖాళీ ఫైళ్లను తయారుచేసి మూడు యంత్రాలలో నడిపి చూశాను. లినక్స్‌లో 487 మెట్ల దాకా వెళ్లి, ఆ తర్వాత సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో (తనది కాని మెమరీని ముట్టుకున్నప్పుడు వచ్చే లోపంతో) ఆగిపోయింది. మ్యాక్‌లో ప్రధాన స్క్రిప్టుతో కలిపి సరిగ్గా 253 ఫైళ్లు తెరుచుకున్నాయి. 254వ ఫైలు కళ్లెదుటే ఉన్నా “ఫైలు దొరకలేదు” అని నా ఇంటర్‌ప్రెటరే సందేశం ఇచ్చింది. విండోస్‌లో 60 మెట్లు దాటాక ఏ సందేశమూ లేకుండా ప్రోగ్రాం మాయమైంది.

తెరిచి ఉంచగల ఫైళ్ల హద్దే కారణమై ఉంటుందని లినక్స్‌లో దాన్ని 1,024 నుంచి 4,096కు పెంచాను; ఫలితంలో ఒక్క మెట్టు కూడా మారలేదు. మెమరీ కారిపోతోందేమోనని చూస్తే అదీ లేదు. “ఫైలు దొరకలేదు” అన్న సందేశాన్ని నమ్మి, ఫైలు పేర్లు రూపొందించే కోడ్ చుట్టూ రెండు రోజులు తిరిగాను.

ఇది ఒకే జబ్బు మూడు రకాలుగా బయటపడడమా, లేక నిజంగానే మూడు వేర్వేరు జబ్బులా? లోతుకు నేనే ఒక హద్దు పెట్టాలా? పెడితే ఎంత పెట్టాలి? అసలు హద్దు అవసరం లేని విధంగా దీన్ని రాయడం సాధ్యమేనా?

రాత్రిపాళి

మీకు ఉన్నవి రెండు జబ్బులు. మీరు చూస్తున్నది, ఏ యంత్రంలో ఏది ముందుగా ముదిరిందన్నది మాత్రమే.

మీ కోడ్ చూడకుండానే ఒక ఊహ చెబుతాను. లినక్స్‌లో ప్రధాన థ్రెడ్‌కు సాధారణంగా ఇచ్చే స్టాక్ (నడుస్తున్న ఫంక్షన్ల స్థానిక చలరాశులు ఉండే మెమరీ) 8 మెగాబైట్లు, అంటే 83,88,608 బైట్లు. దాన్ని 487తో భాగిస్తే మెట్టుకు దాదాపు 17,225 బైట్లు వస్తాయి. విండోస్‌లో అలవాటుగా వచ్చే స్టాక్ 1 మెగాబైటు. దాన్ని 60తో భాగిస్తే దాదాపు 17,476 వస్తుంది. రెండు వేర్వేరు వ్యవస్థల లెక్కలు ఇంత దగ్గరగా రావడం కాకతాళీయం కాదు. రెండింటిలోంచీ 16,384 తీసేస్తే మిగిలేది ఎనిమిది వందల నుంచి పదకొండు వందల బైట్లు; కొన్ని ఫంక్షన్ పిలుపులకు అది సహజమైన ఖర్చే. కాబట్టి మీ చదివే ఫంక్షన్‌లో 16 కిలోబైట్ల అక్షరాల అరే ఒకటి స్థానిక చలరాశిగా ఉండి ఉండాలి. ఫైలు చదివే బఫరును అక్కడే ప్రకటించి ఉంటారు. ప్రతి చేర్పూ ఆ ఫంక్షన్‌ను మళ్లీ పిలుస్తుంది కనుక, ప్రతి మెట్టూ స్టాక్‌లో 16 కిలోబైట్లు మింగుతూ పోతోంది. (ఫ్లెక్స్ అనే సాధనం తయారుచేసే లెక్సర్ల, అంటే పాఠాన్ని టోకెన్లనే ముక్కలుగా విడగొట్టే కోడ్‌ల, బఫరు కూడా అలవాటుగా 16,384 బైట్లే, కానీ అది హీప్‌లో, అంటే అడిగి తీసుకునే విడి మెమరీలో ఉంటుంది. మీది చేత్తో రాసిన లెక్సర్ అయి ఉండాలి.)

మ్యాక్ సంగతి వేరు. అక్కడ కూడా ప్రధాన థ్రెడ్ స్టాక్ 8 మెగాబైట్లే, కానీ ఒక ప్రాసెస్ తెరిచి ఉంచగల ఫైళ్ల హద్దు అలవాటుగా 256. అందులో ప్రామాణిక ఇన్‌పుట్, ఔట్‌పుట్, ఎర్రర్ అనే మూడు ముందే తెరిచి ఉంటాయి. మిగిలేది 253, సరిగ్గా మీరు చెప్పిన సంఖ్య. లినక్స్‌లో ఫైళ్ల హద్దు పెంచినా ఏమీ మారకపోవడానికి కారణం, అక్కడ ఆ హద్దును చేరుకునే లోపే స్టాక్ అయిపోవడం. ఇప్పుడు మీరు ఆ అరేను హీప్‌లోకి మార్చి అంతటితో ఊరుకుంటే, హద్దు 1,024గా ఉన్న లినక్స్‌లో ఈసారి 1,021 ఫైళ్ల దగ్గర ఆగుతుంది.

తప్పుదారి పట్టించిన సందేశం గురించి ఒక మాట. ఫైలు తెరవడం విఫలమైతే అది లేకపోవడం వల్లనే అని మీ కోడ్ అనుకుంటోంది. ఎర్ర్‌నోలో (చివరి వైఫల్యానికి కారణం చెప్పే సీ చలరాశిలో) ఉన్న విలువ ఎనోఎంట్ అయితేనే ఫైలు లేనట్టు. ఈఎంఫైల్ అయితే మీ ప్రాసెస్ కోటా నిండినట్టు. ఎర్ర్‌నోను స్ట్రెర్రర్‌కు (దాన్ని మాటల్లోకి మార్చే ఫంక్షన్‌కు) ఇచ్చి, వచ్చిన మాటలను అలాగే చూపించి ఉంటే ఆ రెండు రోజులూ మీకు మిగిలేవి.

ఇక చికిత్స. ఫైలు మొత్తాన్ని ఒకేసారి మెమరీలోకి చదివి, వెంటనే మూసేసి, ఆ తర్వాతే పార్సింగ్ (వ్యాకరణ విశ్లేషణ) మొదలుపెట్టండి. అప్పుడు లోతు ఎంతైనా ఒక క్షణంలో తెరిచి ఉండేది ఒక్క ఫైలే. లువా భాషలో ఫైలును లోడ్ చేసే ఫంక్షన్ ఫైలంతా చదివి, కంపైల్ చేసి, మూసేశాకే దాన్ని నడుపుతుంది. బాష్ షెల్‌లోని సోర్స్ ఆదేశం కూడా మామూలు ఫైలును మొత్తంగా మెమరీలోకి తెచ్చుకున్నాకే నడుపుతుంది. స్క్రిప్టు ఫైళ్లు కొన్ని కిలోబైట్లు మించవు కనుక 1,200 ఫైళ్లయినా మెమరీకి భారం కాదు. రెండు జాగ్రత్తలు మాత్రం తీసుకోండి. ఫైలు పరిమాణాన్ని ముందే అడిగి అంత మాత్రమే చదవడం పైపుల (ఒక ప్రోగ్రాం నుంచి ఇంకో ప్రోగ్రాంకు డేటా పంపే దారుల) విషయంలో పనిచేయదు, కాబట్టి చివర వచ్చేదాకా చదువుతూ బఫరును పెంచుకుంటూ పోవాలి. అలాగే ఎమ్‌మ్యాప్ (ఫైలును నేరుగా మెమరీలో కనిపించేలా చేసే పిలుపు) వాడాలని అనిపించవచ్చు కానీ, మీరు చదువుతుండగా ఎవరైనా ఆ ఫైలును కుదించి రాస్తే ప్రాసెస్ సిగ్‌బస్ అనే సిగ్నల్‌తో చనిపోతుంది. ఇంత చిన్న లాభానికి ఆ ప్రమాదం తగదు.

రెండో జబ్బు రికర్షన్, అంటే ఫంక్షన్ తనను తానే మళ్లీ పిలుచుకోవడం. పెద్ద అరే పోయినా, ప్రతి చేర్పుకూ సీ ఫంక్షన్ల పిలుపులు ఒకదాని మీద ఒకటి పేరుకుంటూనే ఉంటాయి. మెట్టుకు వెయ్యి బైట్లు అనుకుంటే లినక్స్‌లో ఎనిమిది వేల మెట్లు దాటుతారు, కానీ విండోస్‌లో వెయ్యికి కాస్త పైన ఆగిపోతారు. మీ వినియోగదారు గొలుసు 1,200 కనుక సరిగ్గా గమ్యానికి ముందు మునుగుతారన్నమాట. ఇంటర్‌ప్రెటర్‌ను వేరే ప్రోగ్రాంలో పొదిగి ప్రధానం కాని థ్రెడ్‌లో నడిపితే పరిస్థితి ఇంకా ఇరుకు: మ్యాక్‌లో అలాంటి థ్రెడ్‌కు అలవాటుగా 512 కిలోబైట్లు, మజల్ అనే సీ లైబ్రరీతో కట్టిన లినక్స్ ప్రోగ్రాంలో 128 కిలోబైట్లు మాత్రమే వస్తాయి.

అందుకని చేర్పుల స్టాక్‌ను మీరే హీప్‌లో నిర్వహించుకోండి. ప్రతి మెట్టుకూ ఒక ఫ్రేము: ఫైలు పాఠం, అందులో ఎక్కడ ఉన్నాం, పంక్తి సంఖ్య, ఫైలు పేరు, ఏ పంక్తి నుంచి చేర్చబడింది అన్నవి అందులో ఉండాలి. “చేర్చు” ఎదురైతే కొత్త ఫ్రేము పైన పెట్టి, అదే లూప్‌లో కొనసాగాలి. ఫైలు అయిపోతే ఫ్రేము తీసేసి, కింది ఫ్రేములో ఆగిన చోట నుంచి సాగాలి. సీ స్టాక్ ఒక్క బైటు కూడా పెరగదు. మీది పార్స్ చెట్టు మీద నడిచే ఇంటర్‌ప్రెటర్ అయితే ఈ మార్పుకు కాస్త శ్రమ పడాలి. బైట్‌కోడ్ (ముందే సరళమైన ఆదేశాలుగా మార్చిన రూపం) నడిపేది అయితే చేర్పును మామూలు ఫంక్షన్ పిలుపులాగే మీ సొంత స్టాక్‌లో ఒక ఫ్రేముగా పెట్టేస్తే పని అయిపోతుంది.

గట్టుమీద

రాత్రిపాళి గారి నిర్ధారణలో నాకు ఏ అభ్యంతరమూ లేదు. అయితే “హద్దు అవసరం లేని విధంగా” అన్న మీ చివరి ప్రశ్న దగ్గర నేను వేరుగా ఆలోచిస్తాను. సీ స్టాక్, ఫైళ్ల కోటా రెండూ అడ్డు తొలగాక, తనను తానే చేర్చుకునే ఒక్క ఫైలు చాలు, మీ ఇంటర్‌ప్రెటర్ యంత్రంలోని మెమరీ అంతా మింగేదాకా నిశ్శబ్దంగా నడుస్తూ ఉంటుంది. ఇప్పటిదాకా స్టాక్ మీకు తెలియకుండానే కాపలా కాసింది. దాన్ని తీసేసినప్పుడు ఆ స్థానంలో మీరే ఒక కాపలాను నిలబెట్టాలి.

ఆ సంఖ్య ఎంత ఉండాలన్న దానికి శాస్త్రమేమీ లేదు. కోడ్ వెర్షన్లను నిర్వహించే గిట్ తన కాన్ఫిగరేషన్ చేర్పులను 10 మెట్ల దగ్గర ఆపుతుంది. దూర యంత్రాల్లోకి లాగిన్ అయ్యే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ క్లయింటు 16 దగ్గర ఆపుతుంది. సుడో అనుమతులు రాసే సుడోయర్స్ ఫైలుకు 128, జీసీసీ కంపైలర్‌కు అలవాటుగా 200. సీ ప్రమాణం కంపైలర్లను కనీసం ఎన్ని మెట్లు భరించమని అడిగిందో చూస్తే, 1989లో 8, 1999లో 15. వీటన్నిటిలోనూ హద్దు అనేది ప్రోగ్రాం చేతగానితనం వల్ల వచ్చింది కాదు, “ఇంత లోతుకు వెళ్లారంటే ఎక్కడో పొరపాటు జరిగి ఉంటుంది” అన్న అంచనా నుంచి వచ్చింది. మీరు 200 ప్రాంతంలో ఒక సంఖ్య పెట్టి, పెంచుకునే వీలు కల్పించి, ఫైలు తెరవక ముందే దాన్ని సరిచూసి, ఏ ఫైలు ఏ పంక్తిలో హద్దు దాటిందో స్పష్టంగా చెప్పండి.

చేర్పుల చక్రాన్ని కనిపెడితే హద్దు అక్కర్లేదని కొందరు అంటారు. అది మీ “చేర్చు” స్వభావం మీద ఆధారపడి ఉంటుంది. సీ ప్రీప్రాసెసర్‌లో లాగా షరతులను బట్టి ఒక ఫైలు తనను తానే మళ్లీ చేర్చుకోవడం చెల్లుబాటయ్యే పనే అయితే, చక్రం కనిపించగానే తప్పు అనలేరు. అక్కడ లోతు హద్దే గతి. ప్రతి ఫైలూ ఒక్కసారే నడిచే మాడ్యూలు అయితే చక్రాన్ని నిక్కచ్చిగా తప్పు అని చెప్పవచ్చు. పైథాన్ మధ్యేమార్గం ఎంచుకుంది: సగం నడిచిన మాడ్యూలునే అందిస్తుంది, అందులో అడిగిన పేరు దొరకకపోతే, చక్రం వల్ల కావచ్చునని 3.8 వెర్షన్ నుంచి సందేశంలోనే సూచిస్తుంది. ఆ సందేశం రాక ముందు ఎంతమంది తలలు పట్టుకున్నారో నాకు తెలుసు, వారిలో నేనూ ఒకడిని.

లోతు హద్దు కాపాడలేనిది ఇంకొకటి ఉంది. ప్రతి ఫైలూ తర్వాతి ఫైలును రెండుసార్లు చేర్చుకుంటుందనుకోండి. లోతు 30 మెట్లే, ఏ హద్దుకూ తగలదు. కానీ చివరి ఫైలు నడిచేది 1,07,37,41,824 సార్లు. కాబట్టి లోతుతో పాటు మొత్తం చేర్పుల సంఖ్యను కూడా లెక్కపెట్టండి, లేదా “ఒక్కసారే చేర్చు” అనే రెండో ఆదేశం ఇవ్వండి.

మీ వినియోగదారుకు చెప్పవలసిన మాట కూడా ఒకటి ఉంది. ప్రతి ఫైలూ తన ముందరి దాన్ని మాత్రమే చేర్చుకునే 1,200 మెట్ల గొలుసుకు చెట్టు ఆకారం లేదు. అది ఒక జాబితా. వారి సాధనం ఒక ప్రధాన ఫైలు రాసి, అందులో 1,200 చేర్పులను వరుసగా పెడితే లోతు ఒక్క మెట్టే అవుతుంది, ఫైళ్లు నడిచే క్రమం కూడా మారదు.

అడుగుబిందువు

ఇద్దరికీ కృతజ్ఞతలు. రాత్రిపాళి గారు కోడ్ చూడకుండా చెప్పింది అక్షరాలా నిజం. నేను మొదటి వారంలో రాసిన ఫంక్షన్‌లో 16,384 బైట్ల స్థానిక అరే ఉంది. ఆ పంక్తిని గత రెండేళ్లలో కనీసం వందసార్లు చూసి ఉంటాను.

ఈ నాలుగు రోజుల్లో ఫైలును మొత్తంగా చదివి మూసేయడం, చేర్పుల ఫ్రేములను హీప్‌లో పెట్టడం పూర్తి చేశాను. లోతు హద్దు అలవాటుగా 256. ఆదేశ పంక్తిలో మార్చుకోవచ్చు. మొత్తం చేర్పులకు వేరే లెక్క కూడా పెట్టాను. ఎర్ర్‌నో సందేశాన్ని యథాతథంగా చూపిస్తున్నాను. ఒకే ఫోల్డరులోని నా పరీక్ష గొలుసు, హద్దు పెంచితే, మూడు యంత్రాలలోనూ 5,000 మెట్లు సాఫీగా దిగి వస్తోంది. గొలుసుకు బదులు జాబితా రాయమని వినియోగదారుకు సూచించాను. వారు ఒప్పుకున్నారు కానీ, ఇప్పటికే ఊరంతా పంచిన పాత స్క్రిప్టులు నడవాలని కోరుతున్నారు.

చిక్కు అక్కడే వచ్చింది. వారి అసలు గొలుసును లినక్స్‌లో హద్దు 2,000 పెట్టి నడిపితే 578 మెట్లు దిగి, 579వ ఫైలు దగ్గర “ఫైలు పేరు మరీ పొడవుగా ఉంది” అని వస్తోంది. వారి ఫైళ్లు ఒక్కోటి ఒక్కో ఫోల్డరులో ఉంటాయి, ఫోల్డరు పేర్లన్నీ మూడేసి అక్షరాలు, ప్రతి ఫైలూ “ఒక ఫోల్డరు పైకి వెళ్లి, పక్క ఫోల్డరులోకి దిగు” అనే పద్ధతిలో తర్వాతి ఫైలును చూపిస్తుంది. ఆ 579వ ఫైలు అసలు చిరునామా యాభై అక్షరాలు కూడా ఉండదు.

ఇంకొక చిన్న విషయం. లోపం వచ్చినప్పుడు “ఫలానా ఫైలు నుంచి చేర్చబడింది” అనే పంక్తులు కొండవీటి చాంతాడంత వస్తున్నాయి. అసలు లోపం ఏమిటో చూడడానికి ఐదారు తెరలు వెనక్కి జరపవలసి వస్తోంది.

వేరుపట్టు

ఎర్ర్‌నోను ఉన్నదున్నట్టు చూపించడం మొదలుపెట్టిన వెంటనే దాని ఫలితం కనబడింది చూడండి. పాత కోడ్ అయితే దీన్ని కూడా “ఫైలు దొరకలేదు” అనే అనేది.

చేర్పులో ఇచ్చిన దారిని, చేర్చుకుంటున్న ఫైలు ఉన్న ఫోల్డరు పేరుకు అతికించి, అలా వచ్చిన పొడవాటి పేరునే తర్వాతి మెట్టుకు మూలంగా వాడుతున్నారు. ప్రతి మెట్టుకూ ఒక గీటు (/), పై ఫోల్డరును సూచించే రెండు చుక్కలు (..), మరో గీటు, మూడక్షరాల ఫోల్డరు పేరు, మొత్తం ఏడు అక్షరాలు పెరుగుతున్నాయి. లినక్స్‌లో దారి పొడవు హద్దు, చివరి శూన్య బైటుతో కలిపి 4,096. అంటే వాడుకోగలిగేది 4,095. 578 మెట్లకు 4,046 అక్షరాలు పోగా మిగిలింది 49. ఇంకో ఏడు పట్టలేదు. కాబట్టి మీ మూల ఫోల్డరు, చివరి ఫైలు పేరు కలిపి 43 నుంచి 49 అక్షరాల మధ్య ఉండాలి. మ్యాక్‌లో ఈ హద్దు 1,024 మాత్రమే కనుక, మూలం అంతే పొడవు ఉంటే అక్కడ 139 లేదా 140 మెట్ల తర్వాత ఆగుతుంది. మీ పరీక్ష గొలుసు ఒకే ఫోల్డరులో ఉండడం వల్ల ఈ పెరుగుదల దానిలో కనిపించలేదు.

వెంటనే తోచే పరిష్కారం, పేరులో “ఫోల్డరు, దాని వెంటనే రెండు చుక్కలు” కనిపించిన చోటల్లా రెండింటినీ కొట్టేయడం. దయచేసి అలా చేయకండి. ఆ ఫోల్డరు ఒక సింబాలిక్ లింకు (మరో చోటును చూపించే పేరు) అయితే, రెండు చుక్కలు తీసుకువెళ్లేది లింకు ఉన్న చోటికి కాదు, లింకు చూపించే ఫోల్డరుకు పైనున్న చోటికి. అక్షరాలను కొట్టివేసే కోడ్‌కు ఆ సంగతి తెలియదు, కాబట్టి అది వేరే ఫైలును నిబ్బరంగా తెరిచి ఇస్తుంది. దారి తప్పి ఆగిపోవడం కంటే దారి తప్పి నడుస్తూ పోవడం ప్రమాదకరం.

ప్రతి మెట్టులోనూ ఫోల్డరును తెరిచి పట్టుకుని, తర్వాతి ఫైలును దానికి సాపేక్షంగా ఓపెన్‌యాట్ అనే పిలుపుతో తెరవడం సొగసైన పద్ధతే, కానీ మెట్టుకు ఒక డిస్క్రిప్టర్ (తెరిచిన ఫైలుకు వ్యవస్థ ఇచ్చే సంఖ్య) చొప్పున తెరిచి ఉంచాలి కనుక, మీరు కష్టపడి వదిలించుకున్న మొదటి జబ్బునే మళ్లీ ఇంటికి పిలిచినట్టవుతుంది. మీ అవసరానికి సరిపోయేది రియల్‌పాత్, అంటే లింకులనూ రెండు చుక్కలనూ పరిష్కరించి అసలు దారిని ఇచ్చే ఫంక్షన్. ప్రతి చేర్పులోనూ ఫోల్డరు భాగాన్ని మాత్రమే రియల్‌పాత్‌కు ఇచ్చి, వచ్చిన నికరమైన దారికి ఫైలు పేరు తగిలించి, దాన్నే ఫ్రేములో దాచుకోండి. పూర్తి దారిని ఇస్తే, ఫైలే ఒక లింకు అయినప్పుడు మూల ఫోల్డరు లింకు ఉన్న చోటు నుంచి అసలు ఫైలు ఉన్న చోటికి మారిపోయి, వినియోగదారు ఊహించని పక్క ఫైళ్లు చేర్చబడతాయి. ఏ పద్ధతి ఎంచుకున్నా పత్రాలలో ఒక్క వాక్యం రాసి పెట్టండి. సందేశాలలో చూపించడానికి మాత్రం వినియోగదారు రాసిన రూపాన్నే విడిగా ఉంచుకోండి; ఎవరూ తాము రాయని దారిని తెర మీద చూసి గుర్తుపట్టలేరు.

“ఒక్కసారే చేర్చు” పెట్టబోతున్నట్టయితే గుర్తింపు గురించి కూడా ఇప్పుడే ఆలోచించండి. పేర్లను పోల్చడం సరిపోదు, ఎందుకంటే పెద్ద, చిన్న అక్షరాల తేడా చూడని ఫైల్ వ్యవస్థల్లో ఒకే ఫైలుకు చాలా పేర్లు పనిచేస్తాయి. అందుకని చాలామంది పరికరం సంఖ్య, ఐనోడ్ సంఖ్యల (ఐనోడ్ అంటే ఫైల్ వ్యవస్థలో ఫైలు నమోదు) జతను వాడతారు. మీ విషయంలో దానికో మెలిక ఉంది. మీరు ఫైలును చదవగానే మూసేస్తున్నారు. స్క్రిప్టులను తయారుచేసే సాధనం తాత్కాలిక ఫైలును తుడిచేసి, వెంటనే ఇంకొకటి సృష్టిస్తే, ఆ కొత్త ఫైలుకు పాత ఐనోడ్ సంఖ్యే దక్కవచ్చు. మీ ఇంటర్‌ప్రెటర్ దాన్ని ముందే చూసిన ఫైలుగా భావించి, చేర్చకుండా దాటేస్తుంది. ఈ లోపం రోజూ రాదు, అడిగినప్పుడు అసలే రాదు. ఐనోడ్ జత, నికర దారి రెండూ కలిస్తేనే “ఇదే ఫైలు” అనుకోండి. అప్పుడు హార్డ్ లింకులు (ఒకే ఫైలుకు ఉన్న వేర్వేరు పేర్లు), పెద్ద, చిన్న అక్షరాల తేడాతో రాసిన పేర్లు రెండు ఫైళ్లుగా లెక్కకు రావచ్చు. ఆ నష్టాన్ని నేనైతే సంతోషంగా భరిస్తాను.

రాత్రిపాళి

చాంతాడు సంగతికి నా సూచన ఇది. అసలు లోపాన్ని మొదటి పంక్తిలోనే చెప్పి, లోపం జరిగిన ఫైలుకు దగ్గరగా ఉన్న ఎనిమిది మెట్లను, ప్రధాన స్క్రిప్టుకు దగ్గరగా ఉన్న నాలుగు మెట్లను చూపించి, మధ్యలో “ఇంకా 560 చేర్పులు ఉన్నాయి” అన్న ఒక్క పంక్తి పెట్టండి. పైథాన్ 3.6 నుంచి ఒకే పంక్తి పదేపదే వచ్చినప్పుడు మడిచేసి, ఎన్నిసార్లు వచ్చిందో చెబుతోంది కానీ, మీ గొలుసులో ప్రతి పంక్తీ వేరే ఫైలుది కనుక ఆ పద్ధతి ఇక్కడ అక్కరకు రాదు. మొత్తం జాబితా కావాలనుకునే వారికి ఒక ఆప్షన్ ఇస్తే చాలు.

ఆ జాబితాలోని పంక్తి సంఖ్యలు సరిగా ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోండి. కొత్త ఫ్రేము పెట్టే సమయానికి లెక్సర్ తర్వాతి టోకెన్‌ను ముందుగానే చదివి ఉంటే, దాని పంక్తి సంఖ్య అప్పటికే “చేర్చు” ఉన్న పంక్తిని దాటిపోయి ఉంటుంది. ఫ్రేములో దాచవలసింది “చేర్చు” అనే టోకెన్ తనతో తెచ్చుకున్న పంక్తి సంఖ్య. పార్స్ చేస్తుండగానే చేర్చే ఇంటర్‌ప్రెటర్‌లలో ఈ ముందుచూపు టోకెన్ ఇంకా పెద్ద తంటా తెస్తుంది: పాత ఫైలు నుంచి ముందే చదివిన టోకెన్, చేర్చిన ఫైలులోని టోకెన్లన్నిటికంటే ముందు పార్సర్ చేతికి వచ్చేస్తుంది. బైసన్ (పార్సర్లు తయారుచేసే సాధనం), ఫ్లెక్స్ జంటతో పనిచేసిన వారిలో చాలామంది దీని దెబ్బ ఒకసారి తిన్నవారే.

ఈ బాధ మొత్తంగా తప్పాలంటే, చేర్చే ప్రతి ఫైలూ తనంతట తాను పూర్తి వ్యాకరణ యూనిట్ కావాలని నియమం పెట్టండి. పీహెచ్‌పీ భాషలో అలాగే ఉంటుంది: ఒక ఫైలులో తెరిచిన బ్లాకును చేర్చిన ఫైలులో మూయడం కుదరదు. అప్పుడు ప్రతి ఫైలునూ విడిగా, చివరిదాకా పార్స్ చేసి, ఫలితాన్ని మాత్రమే ఫ్రేములో పెట్టవచ్చు. రెండు ఫైళ్ల టోకెన్లు కలిసే సందర్భమే రాదు.

అడుగుబిందువు

రియల్‌పాత్ మార్పుతో అసలు గొలుసు 1,200 మెట్లూ లినక్స్‌లో, మ్యాక్‌లో పూర్తిగా నడిచింది. కుతూహలం కొద్దీ పాత దారుల కోడ్‌ను మ్యాక్‌లో నడిపి చూశాను. అక్కడ మూల ఫోల్డరు పేరు కాస్త పొడవు కనుక 138 దగ్గరే ఆగింది. వేరుపట్టు గారి లెక్క నిలబడింది. విండోస్‌లో రియల్‌పాత్ లేదు కనుక, తెరిచిన ఫోల్డరు హ్యాండిల్ నుంచి దాని తుది పేరును అడిగే ఫంక్షన్‌ను వాడి ఒక చిన్న తొడుగు రాస్తున్నాను. అది పూర్తయ్యాక అక్కడా పరీక్షిస్తాను.

పూర్తి యూనిట్ నియమాన్ని వచ్చే వెర్షన్‌లో పెడుతున్నాను. నా దగ్గరున్న స్క్రిప్టులన్నిటినీ ఆ నియమంతో సరిచూస్తే రెండే రెండు అడ్డుపడ్డాయి. రెండింటిలోనూ ఒక ఫైలులో మొదలైన “అయితే” బ్లాకు మరో ఫైలులో ముగుస్తోంది. వాటిలో ఒకటి నేను రాసిందే. ఈ రాత్రి దాన్ని తిరగరాసి, రెండోదాని రచయితకు ఉత్తరం రాస్తాను.